హాలు గోడకి జేగురే

షేడ్ కార్డు మీద టెర్రకోట, జేగురు పక్కపక్కనే ఉంటాయి. విజయనగరం గంటస్తంభం దగ్గర ఏ రంగుల దుకాణానికి వెళ్లినా కౌంటర్ వెనక అబ్బాయి “ఏదైనా ఒకలాగే ఉంటాదమ్మా, వేసీండి” అంటాడు. ఆ ట్యూబ్‌లైటు కింద నిజంగానే ఒకలాగే ఉంటాయి. గోడకెక్కాక మాత్రం రెండిటికీ పొంతన ఉండదు. నా మాట ముందే చెప్పేస్తాను. విజయనగరం, శ్రీకాకుళం వైపు ఇళ్లలో లోపలి గోడకి ఎరుపు వేయాలనుకుంటే జేగురు వేయండి. టెర్రకోటని బయట పెట్టండి. ప్రహరీకి, బాల్కనీకి, మెట్ల పక్క గోడకి అది చాలా బాగుంటుంది. హాల్లోకి మాత్రం రానివ్వకండి.

ఈ మాట మీద మా అప్పకీ (అక్కని మా వైపు అలాగే పిలుస్తాం) నాకూ ఇంకా తగువు తెగలేదు. వాళ్లది శ్రీకాకుళంలో కొత్త ఇల్లు. పెద్ద కిటికీలు, మీగడ రంగు టైల్స్. మాది విజయనగరంలో నాన్న కట్టించిన పాత డాబా, ఎర్ర గచ్చు. ఈ వ్యాసంలో సగం అప్పకి చెప్పాల్సినదే, ఫోన్లో చెప్తే వినదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ఏది ఏదో ముందు తేల్చుకుందాం. కంపెనీల పేర్లతో పని జరగదు, ఒకరి టెర్రకోట ఇంకొకరి కార్డులో ఇటుక ఎరుపు. నేను టెర్రకోట అంటున్నది కొత్త పూలకుండీ రంగు: ఎరుపులో నారింజ పాలు ఎక్కువ, కాస్త తెలుపు కలిసి లేతబడ్డది. జేగురు అంటున్నది పాత ఇళ్ల గచ్చు రంగు: ఎరుపులో గోధుమ, ఏ మూలో కొంచెం ఊదా. గోడ మీద పడ్డ వెలుతురులో ఎంత తిరిగి వస్తుందో చెప్పే కొలత ఒకటుంది, ఎల్‌ఆర్‌వి అంటారు. నలుపు 0, తెలుపు 100. టెర్రకోట జాతి షేడ్లు సుమారుగా 20 దగ్గర ఉంటాయి, జేగురు జాతివి 10 దగ్గర. అప్ప వాదనంతా ఈ అంకెల మీదే నిలబడింది: “నీ రంగు వెలుతురంతా మింగేస్తాది.” మింగుతుంది, నిజమే. దాని సంగతి కిందకొచ్చాక చూద్దాం.

రెండు రంగులకీ పుట్టుక ఇనుములోనే. పసుపు మన్నులో ఐరన్ ఆక్సైడుతో పాటు నీరు బంధమై ఉంటుంది. బాగా కాలిస్తే ఆ నీరు పోయి మన్ను ఎర్రబడుతుంది. ఇటుకల బట్టీ విప్పేటప్పుడు నిలబడి చూస్తే ఈ రెండు రంగులూ ఒకేచోట దొరుకుతాయి. సమంగా కాలినవి నారింజ ఎరుపులో ఉంటాయి, మంటకి మరీ దగ్గరగా ఉండి మాడినవి ముదిరి ఊదా తిరుగుతాయి. మట్టి ఒకటే, బట్టీ ఒకటే. రంగు పొడిలో కూడా రేణువు సన్నగా ఉంటే నారింజ వైపు, ముతకైతే ఊదా వైపు జరుగుతుంది. ఇప్పటి డబ్బా రంగుల్లో ఎరుపు ఆక్సైడు, పసుపు ఆక్సైడు, కొంచెం నలుపు, టైటానియం తెలుపు పాళ్లు మార్చి చాలావరకు ఈ రెండు షేడ్లూ తీస్తారు. ఆక్సైడుతో చేసిన రంగు ఎండకి వెలవదు, సున్నం ఘాటుకి చావదు. మన పల్లెల్లో పాత సున్నం గోడల మీద ఎర్రమన్ను, పసుపు మన్ను, నీలం తప్ప ఇంకో రంగు పెద్దగా కనపడకపోవడం వెనక ఇదొక కారణం. సున్నంలో వేస్తే బతికి బట్టకట్టే చవక రంగులు అవే.

ఆ పాత ఎర్రమన్నుతో ఒక చిక్కుండేది. గోడకి ఆనుకుంటే వీపుకి అంటేది. అందుకే అది అరుగు అంచులకీ, గోడ కిందిభాగానికీ, బయటికీ పరిమితమైంది. ఎమల్షన్, అంటే నీళ్లు కలిపి వేసే ఇప్పటి డబ్బా రంగు, వచ్చాక ఆ బాధ పోయింది. అంటే జేగురుని హాల్లోకి తేవడానికి అడ్డుగా ఉన్న అసలు కారణం ఎప్పుడో తొలగిపోయింది, మనమే గమనించలేదు.

టెర్రకోటకి ఇంత గిరాకీ ఎక్కడినుంచి వచ్చిందో కూడా చూడాలి. 2019లో షెర్విన్-విలియమ్స్ అనే అమెరికా కంపెనీ ఆ ఏటి రంగుగా కావెర్న్ క్లే అనే టెర్రకోటని ప్రకటించింది. మన దగ్గర ఏషియన్ పెయింట్స్ 2024కి టెర్రా అని ఒక మట్టిరంగుని ఎంచుకుంది. మధ్యలో ఇన్‌స్టాగ్రామ్ నిండా టెర్రకోట గోడ, పక్కన ఎండుగడ్డి పూలు, చెక్క కుర్చీ. ఆ ఫొటోల్లో రంగు అందంగానే ఉంటుంది. కానీ అవి తీసిన వెలుతురు వేరు, మన ఇంట్లో పడే వెలుతురు వేరు. నా పట్టుదలంతా ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త సాగదీస్తాను.

ఇంగ్లీషు పుస్తకాల్లో, వీడియోల్లో ఒక సలహా మంత్రంలా వినిపిస్తుంది: ఉత్తరపు గదిలో వెలుతురు చల్లగా, నీలంగా ఉంటుంది, అక్కడ నారింజ కలిసిన వెచ్చని ఎరుపు వేయండి అని. లండన్ 51వ అక్షాంశం దాటి ఉంది. అక్కడ మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణం వైపే ఉంటాడు. మనం 18వ అక్షాంశం మీద ఉన్నాం. మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికే ఉంటాడు. వేసవిలో ఈశాన్యం మూల పొడిచి వాయవ్యం మూల కుంకుతాడు. ఉత్తరపు కిటికీ ఉన్నవాళ్లని అడగండి, మే నెల పొద్దున్న ఎండ ఏ గోడ మీద పడుతుందో చెప్తారు. మన ఉత్తరపు గది వాళ్లు చెప్పినంత చల్లగా ఉండదు. చలికాలం సంగతి ఒప్పుకుంటాను, డిసెంబరులో ఆ గది నీడలోనే ఉంటుంది. కానీ వేసవిలో తెల్లని డాబా అంచుల మీదా, సిమెంటు వీధి మీదా, ఎర్రమట్టి ఖాళీ స్థలం మీదా పడి ఎగిరొచ్చే వెలుతురే గదిలోకి బోలెడు పసుపు మోసుకొస్తుంది. అలాంటి గదిలో నారింజ కలిసిన టెర్రకోట వేస్తే మధ్యాహ్నం పూట క్యారెట్టు రంగు తిరుగుతుంది. జేగురులో ఉన్న గోధుమ ఆ పసుపుని అణిచిపెడుతుంది.

ఇంకోటి. ఎరుపు గోడ మీద పడ్డ వెలుతురు ఎరుపై తిరిగొచ్చి ఎదుటి గోడ మీద పడుతుంది, అది మళ్లీ ఇటు. ఒక్కో ఎగురుకీ రంగు చిక్కబడుతుంది. అందుకే చిన్న చీటీ మీద నెమ్మదిగా కనిపించిన షేడ్ నాలుగు గోడలకీ వేసేసరికి కేకలేస్తుంది. ఎంత వెలుతురు తిప్పికొడితే అంత ఎక్కువగా ఈ పని జరుగుతుంది, కాబట్టి దెబ్బ ఎక్కువ తినేది టెర్రకోటే. వెలుతురు మింగడం దోషం అని అప్ప అంటుంది కదా, ఆ మింగడం వల్లే జేగురు నాలుగు గోడల మధ్య కూడా హద్దులో ఉంటుంది.

ఇప్పుడు రాత్రి. మన హాల్లో గోడని మనం ఎక్కువగా చూసేది రాత్రే. పగలు పనికి పోతాం, లేదంటే ఎండకి జడిసి తలుపు, తెరలు వేసేస్తాం. మన ఊళ్లలో ఇళ్లకి ఎక్కువగా కొనేది 6500 కెల్విన్ తెల్ల ఎల్ఈడీ (కెల్విన్ అంకె పెరిగితే వెలుగు తెలుపు, తగ్గితే పసుపు). చవక ఎల్ఈడీల డబ్బా మీద సీఆర్ఐ 80 అని ఉంటుంది, అంటే రంగుల్ని ఉన్నవున్నట్టు చూపించడంలో వందకి ఎనభై మార్కులు. ఆ లెక్కలో ఒక కిటుకుంది. ఆ మార్కు లేత రంగుల మీద తీసిన సగటు. ముదురు ఎరుపుకి ఆర్9 అని వేరే కొలత, అది ఆ సగటులో కలవదు, చవక దీపాల్లో ఒక్కోసారి సున్నా దగ్గర ఉంటుంది. మీ గోడ ఎరుపు, మీ దీపానికి ఎరుపు చూపించడం రాదు! ఆ దీపం కింద టెర్రకోట తన ఎరుపు పోగొట్టుకుని మురికి గులాబీకీ నారింజకీ మధ్య ఏదో అవుతుంది. జేగురు కూడా ఎరుపు పోగొట్టుకుంటుంది, కానీ పోగొట్టుకుని మంచి గోధుమ రంగులో ఆగుతుంది. గోధుమ గోడని చూసి ఎవరూ మొహం చిట్లించరు. 2700, 3000 కెల్విన్ పసుపు దీపం పెడితే జేగురులో ఎరుపు పైకి తేలి నిప్పు కణికలా ఉంటుంది. అదే దీపం కింద టెర్రకోట మళ్లీ నారింజే. రెండు దీపాల కిందా పరువు దక్కించుకునేది ఒక్కటే రంగైతే ఎంపిక ఎటో చెప్పక్కర్లేదు.

“మన నేల రంగు టెర్రకోటే కదే, భీమిలి దిబ్బలు చూడలేదా?” అని అప్ప ఒకసారి పెద్ద బాణమే వేసింది. చూశాను. విశాఖ, భీమిలి మధ్య ఎర్రమట్టి దిబ్బల్లో ఇసుక రేణువుల చుట్టూ పట్టిన ఐరన్ ఆక్సైడు పొర వల్ల ఆ ఎరుపు వచ్చింది. కానీ అక్కడున్నది ఒక్క ఎరుపు కాదు. పైన లేత పసుపు ఇసుక, దాని కింద ఇటుక ఎరుపు, ఇంకా కింద గోధుమ కలిసిన ఎరుపు, అట్టడుగున మళ్లీ పసుపు. వాన పడ్డాక వెళ్లి చూస్తే ఇటుక ఎరుపు పొర కూడా ముదిరి జేగురుకి వచ్చేస్తుంది. రేణువుల మధ్య గాలి ఉన్న చోట నీరు నిండుతుంది, వెలుతురు చెదరడం తగ్గుతుంది, రంగు లోతుగా కనపడుతుంది. కాబట్టి నేల సాక్ష్యం ఇద్దరికీ చెల్లు.

ఈ తడి సంగతి గోడకి కూడా వర్తిస్తుంది. మాట్ ఫినిష్ వెలుతురుని చెదరగొట్టి రంగుని పొడి మట్టిలా లేతగా చూపిస్తుంది, మెరుపున్నది తడి మట్టిలా ముదురుగా చూపిస్తుంది. జేగురు తీసుకుని మాట్ వేస్తే, టెర్రకోట తీసుకుని కొంచెం మెరిసే శాటిన్ వేస్తే, రెండిటి మధ్య దూరం మీరనుకున్నదానికంటే బాగా తగ్గిపోతుంది. షేడ్ గురించి నెల్లాళ్లు కొట్టుకుని ఫినిష్ గురించి చివరి నిమిషంలో మేస్త్రీకి వదిలేసేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. మాట్‌తో ఒక ఇబ్బంది ఉంది, చెప్పకపోతే తప్పు. ముదురు మాట్ గోడకి కుర్చీ వీపు, చేతులు రాసుకున్న చోట నిగనిగలాడే మచ్చ పడుతుంది. సోఫా వెనక గోడకైతే కొంచెం మెరుపున్నదే మేలు.

మా ఇంట్లో తీర్పు చెప్పింది గచ్చు. అరిగి అరిగి అద్దంలా అయిన ఎర్ర గచ్చు మీద టెర్రకోట గోడ నిలబెడితే గోడ పచ్చిగా, గచ్చు మురికిగా కనపడతాయి. దగ్గర దగ్గర రంగులు రెండు పక్కపక్కన పెడితే వాటి తేడాయే కంటికి కొడుతుంది. జేగురైతే గచ్చే గోడమీదికి పాకినట్టు ఉంటుంది. అప్ప ఇంట్లో టైల్స్ మీగడ రంగు కాబట్టి ఈ వాదన అక్కడ చెల్లదు. కానీ ఆ టైల్స్ మెరుపుకి గోడ రంగు నేలలో ప్రతిబింబిస్తుంది, నేల సగం నారింజ అవుతుంది. ఆ సంగతి కూడా ముందే లెక్కేసుకోమంటాను.

అమ్మ అభ్యంతరం మాత్రం రంగుల శాస్త్రానికి లొంగేది కాదు. “ఏటే ఇది, రాములోరి గుడి గోడలాగ?” అంది శాంపిల్ చూడగానే. రంగుల మేస్త్రీ కూడా ఆవిడ పక్షమే: “లైటుగ ఏదైనా ఏసుకోండమ్మా, ఇది గుడులకేస్తారు.” ఆ మాటలో నిజముంది. గుడి గోడ మీద కావి, సున్నం పట్టెలు చూసి చూసి మన కంటికి ఆ ఎరుపు పక్కన ధగధగలాడే తెలుపు కనపడితే గుడే గుర్తొస్తుంది. దీనికి మందు ఎరుపుని మార్చడంలో లేదు, తెలుపుని మార్చడంలో ఉంది. పక్క గోడలకి, తలుపు అంచులకి బ్రిలియంట్ వైట్ మానేసి పొందూరు ఖాదీ లాంటి, చలవ చేయని నూలు తెలుపు వేస్తే పట్టెల గోడ అన్న భావన పోతుంది. అమ్మ ఇప్పుడు ఏమీ అనడం లేదు. ఒప్పుకుందని కాదు, వచ్చిన చుట్టాలు బాగుందన్నారు కాబట్టి.

ఎరుపు వేస్తే గది వేడెక్కుతుందన్న భయం ఇంకొకటి. ఎండ తగలని లోపలి గోడకి ఏ రంగేసినా ఒకటే. డాబా ఇంట్లో వేడి వచ్చేది శ్లాబు నుంచీ పడమటి గోడ బయటివైపు నుంచీ. శ్లాబు మీద తెల్లని కూల్ రూఫ్ కోటింగ్ వేయించుకోండి, లోపల ఏ రంగైనా ఏలుకోండి. ఆగ్నేయానికి ఎరుపు మంచిది, ఈశాన్యానికి కాదు అనే వాస్తు లెక్కల జోలికి నేను పోను.

చీకటి అన్నది మాత్రం నిజమైన అభ్యంతరం. అప్ప గెలిచేది అక్కడే. జేగురు నాలుగు గోడలకీ వేస్తే దీపాలు పెంచుకోవాల్సిందే. నేనైతే ఒక గోడకే వేస్తాను, లేదా ఎల్ ఆకారంలో రెండిటికి. ఏ గోడ అన్నది ముఖ్యం. కిటికీ ఉన్న గోడకి వేయకూడదు. వెలుతురు ఆ గోడ వెనక నుంచి వస్తుంది కాబట్టి కిటికీ చుట్టూ జేగురు నల్లగా మాడినట్టుంటుంది. కిటికీకి ఎదురుగోడకో, వెలుతురు ఏటవాలుగా పడే పక్కగోడకో వేస్తే రోజంతా రంగు మారుతూ కనిపిస్తుంది. పైకప్పు తెల్లగా ఉంచాలి. చిన్న కిటికీ ఒక్కటే ఉన్న గదికి నా సలహా ఏ ఎరుపూ వద్దనే.

ముదురు ఎరుపు మీద వస్తువులు ఎలా కనపడతాయో తెలుసుకోవాలంటే సీతంపేట కొండల్లో సవర గిరిజనుల గోడ చిత్రాలు చూడాలి. 2022 దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం. ఎర్రమన్ను పూసిన గోడ మీద బియ్యప్పిండితో తెల్లటి గీతలు. మనుషులు, ఏనుగులు, చెట్లు. గీత ఎంత సన్నదైనా దూరం నుంచి కనపడుతుంది. వెనక రంగు ముదురుగా, నిదానంగా ఉండబట్టే. అదే గీత నారింజ వైపు జరిగిన లేత ఎరుపు మీద వేస్తే సగం బలం పోతుంది. హాలు గోడ కూడా చివరికి ఏదో ఒకటి తగిలించడానికే కదా. నలుపు తెలుపు తాతయ్య ఫొటో, బుడితి ఇత్తడి పళ్లెం, ఏవైనా సరే, జేగురు వెనక్కి తగ్గి వాటిని ముందుకు తోస్తుంది. టెర్రకోట మీద ఇత్తడి పెట్టి చూశాను. రెండూ పసుపు కోసం పోటీపడ్డాయి.

ఒక్క చోట నేను టెర్రకోటకి ఓటేస్తాను: సముద్రం పక్కన. కళింగపట్నం, భావనపాడు, బారువ వైపు ఇళ్లలో, ఇంకా చెప్పాలంటే కింది అంతస్తు ఏ ఇంట్లోనైనా, గోడలో చెమ్మ ఉంటే ఉప్పు పొంగి తెల్లటి పొడిలా పైకి వస్తుంది. జేగురు మీద అది బూడిద చల్లినట్టు కనపడుతుంది, టెర్రకోట మీద కొంత దాగుతుంది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తుఫాను తీరం దాటాక ఆ ప్రాంతంలో తడిసిన గోడలున్నవాళ్లకి ఈ ఉప్పు సంగతి నేను చెప్పేదేమీ లేదు. అయితే ఉప్పుని దాచే రంగు వెతకడం కంటే చెమ్మ ఎక్కణ్ణుంచి వస్తోందో వెతకడం ముందు. గోడ ఆరకుండా ఏ ముదురు రంగూ వేయకండి. కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం 28 రోజులు ఆగాలి, వానాకాలమైతే ఇంకా ఎక్కువ. గృహప్రవేశం ముహూర్తం పెట్టేసుకుని మేస్త్రీ మీద కూర్చుంటే జరిగేది మీకు తెలుసు.

కొనేముందు చూసుకునే పద్ధతి. చిన్న శాంపిల్ డబ్బాలు రెండూ తెచ్చుకోండి. గోడ మీద నేరుగా పూయకండి. మన ఇళ్లలో పాత గోడ చాలాచోట్ల పిస్తా ఆకుపచ్చో, ఆకాశనీలమో ఉంటుంది. ఆకుపచ్చ పక్కన ఏ ఎరుపైనా ఉన్నదానికంటే ఎర్రగా కనపడి మోసం చేస్తుంది. పెద్ద చార్టు కాగితాలకి రెండేసి కోటింగులు వేసి, ఆరనివ్వండి. ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు పాలు కలిసినట్టు లేతగా ఉండి ఆరాక ముదురుతుంది. తర్వాత ఆ కాగితాలు గోడ గోడకీ మార్చి పొద్దున్న, మధ్యాహ్నం, రాత్రి మీ ఇంటి దీపం కింద, టీవీ వెలుగులో కూడా చూడండి. గచ్చుకో టైల్‌కో ఆనించి చూడడం మర్చిపోవద్దు.

ఖర్చు దగ్గర రెండిటికీ పెద్ద తేడా లేదు. ముదురు షేడ్‌కి బేస్ (రంగు కలపక ముందు డబ్బాలో ఉండే మూల పెయింట్) వేరు, టింటింగ్ మిషన్‌లో రంగు ఎక్కువ పడుతుంది, కాబట్టి జేగురు లీటరు ధర కాస్త ఎక్కువే ఉంటుంది. కానీ ఐరన్ ఆక్సైడు కింది గోడని బాగా కప్పేస్తుంది. కుంకుమ ఎరుపులా మూడో కోటింగు, నాలుగో కోటింగు అడగదు. ప్రైమర్‌ని బూడిదరంగుకి టింట్ చేయించమని అడిగితే ఇంకా త్వరగా పని అవుతుంది. కావలసిన లీటర్లన్నీ ఒకేసారి కలిపించుకోండి. సరిపోక మళ్లీ వెళ్తే అదే నంబరుకి అదే మిషన్ ఇంకో జేగురు ఇస్తుంది, గోడ మధ్యలో గీత కనపడుతుంది. రెండు డబ్బాలు కొన్నా సరే, పెద్ద బకెట్లో కలిపేసి మొదలెట్టమని మేస్త్రీకి చెప్పండి. ఆయన అవసరం లేదంటాడు. మీరు కలిపించండి.